ఏ అర్థానికి వ్యతిరేకం?



ఇంగ్లీషు పాఠం చెప్పడంలోనే జీవితం గడిపిన ఒక ఉపాధ్యాయుడి పేరున ఆయన శిష్యులు ఏర్పరచిన ధర్మనిధి ఉపన్యాసమిది. ఇలాంటి సభల్లో ఒక మహాకవి గురించో, ఒక నవల గురించో మాట్లాడటం ఆనవాయితీ. నేను మాత్రం తరగతి గదిలో నల్లబల్ల మీద ప్రతి ఏడాదీ కనిపించే చిన్న విషయాన్ని ఎంచుకున్నాను. ఇంగ్లీషు మాటకు వ్యతిరేక పదం కనిపెట్టడం ఎలా? దానివల్ల ఆ మాట అర్థం మనకు ఎంతవరకు తెలుస్తుంది? ఆ మాస్టారు పిల్లల్ని ఎప్పుడూ ఒంటరి మాట అడిగేవారు కాదు. ముందు వాక్యం చెప్పేవారు, తర్వాతే మాట అడిగేవారు. ఆ పద్ధతి వెనకున్న ఆలోచన ఎంత సరైనదో భాషాశాస్త్రం సాయంతో చెప్పాలన్నది నా ఉద్దేశం.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మాటకు వ్యతిరేక పదం ఉండదు. ఆ మాటకున్న ఒక్కో అర్థానికి ఉంటుంది. ఏ అర్థంలో వాడారో తెలిసేది వాక్యంలోనే. కాబట్టి వాక్యం ఇవ్వకుండా వ్యతిరేక పదం అడిగే ప్రశ్న సగం ప్రశ్న.

ఇది మనకు తెలియని సంగతి కాదు. తెలుగు మాటే ఒకటి తీసుకుందాం. 'పచ్చి' అనే మాటకు వ్యతిరేకం ఏమిటి? పచ్చికాయ పక్కన పండు నిలబడుతుంది. పచ్చికూరకు ఉడికిన కూర, పచ్చికట్టెకు ఎండుకట్టె, పచ్చిపాలకు కాచిన పాలు, పచ్చిపుండుకు మానిన పుండు. పచ్చిమిరపకాయకు పండుమిరప అనవచ్చు, ఎండుమిరప అనవచ్చు, వంట ఏదన్నదాన్ని బట్టి. ఇక పచ్చి అబద్ధం దగ్గరికి వచ్చేసరికి 'పచ్చి'కి ఎదురుమాటే దొరకదు. అక్కడ అది అబద్ధానికి బలం ఇవ్వడానికి వచ్చింది తప్ప తనకంటూ ఒక గుణం చెప్పడానికి రాలేదు. తెలుగింట పుట్టిన పిల్లవాడెవడూ ఈ పట్టికను కంఠస్థం చేయలేదు. పొయ్యి దగ్గర, పొలంలో, సంతలో ఆ మాటలు వాడుతుండగా విన్నాడు, అంతే.

ఇప్పుడు 'రా' అనే ఇంగ్లీషు మాట చూడండి. నిఘంటువులో దానికి 'పచ్చి' అని అర్థం ఉంటుంది, అది తప్పు కాదు. కూరగాయల దగ్గర, పాల దగ్గర, పుండు దగ్గర రెండు మాటలూ కలిసే నడుస్తాయి. ఆ తర్వాత దారులు విడిపోతాయి. పచ్చికట్టెను ఇంగ్లీషువాడు 'గ్రీన్' అంటాడు, ఆరబెట్టి పదును చేసిన కలపను 'సీజన్డ్' అంటాడు. పచ్చికాయ అతనికి 'అన్‌రైప్' లేదా మళ్లీ 'గ్రీనే'. మన దేశపు ఇంగ్లీషులో 'రా మ్యాంగో' స్థిరపడిపోయింది గనుక ఇక్కడ దానికి ఎదురు 'రైప్' అనడం సబబే. అటువైపు 'రా' కూడా 'పచ్చి' వెళ్లలేని చోట్లకు వెళ్తుంది. ఫ్యాక్టరీకి వచ్చే 'రా మెటీరియల్'కు ఎదురు తయారైన సరుకు. సైన్యంలో కొత్తగా చేరిన 'రా రిక్రూట్'కు ఎదురు శిక్షణ పొందినవాడు. 'రా అంటే పచ్చి, దానికి వ్యతిరేకం కుక్డ్' అని ఒక్క వరుస నేర్చుకున్న విద్యార్థి ఆ సైనికుడి వాక్యం దగ్గర ఏం చేస్తాడు?

మన తెలుగు వాచకాల్లో పాఠం చివర పర్యాయపదాలు, నానార్థాలు, వ్యతిరేక పదాలు, ప్రకృతి వికృతులు అని విడివిడిగా అభ్యాసాలు ఇస్తారు. అమరకోశకారుడు నానార్థాలకు ఒక వర్గమే కేటాయించాడు. అంటే ఒక మాటకు పలు అర్థాలుంటాయన్న స్పృహ మన చదువులో మొదటి నుంచీ ఉంది. లోపమల్లా నానార్థాలను ఒక గదిలో, వ్యతిరేక పదాలను ఇంకో గదిలో పెట్టి మధ్య తలుపు మూసెయ్యడం. ఇంగ్లీషు తరగతిలోనూ అదే జరుగుతోంది. నానార్థాలు తేలిన తర్వాతే వ్యతిరేకార్థం వెతకాలి.

ఇంగ్లీషులో అర్థాల వారీగా ఎదురుమాటలు చూపే పని పెద్ద ఎత్తున చేసిన మొదటివాళ్లలో పీటర్ మార్క్ రోజెట్ ఒకరు. ఆయన భాషావేత్త కాదు, వైద్యుడు. లండన్ రాయల్ సొసైటీకి చాలా ఏళ్లు కార్యదర్శిగా ఉన్నారు. మాటలను అక్షరక్రమంలో కాకుండా భావాల వారీగా అమర్చే పని 1805 ప్రాంతంలో తనకోసం మొదలుపెట్టి, దాన్ని 1852లో, తన డెబ్బై మూడో ఏట, 'థిసారస్' పేరుతో అచ్చువేయించారు. అందులో వెయ్యి శీర్షికలున్నాయి. వాటి అమరిక చూడదగ్గది. వీలైన చోటల్లా ఒక భావాన్ని ఎడమవైపు, దానికి ఎదురైన భావాన్ని కుడివైపు పెట్టి, పుటను రెండు వరుసలుగా చీల్చారు. ఒక భావం ఎక్కడ ముగుస్తుందో దాని ఎదుటి భావం చూపిస్తుందని ఆయన నమ్మకం.

ఆ పుస్తకం పీఠికలోనే ఆయన ఒక చిక్కును గుర్తించారు. ఒక మాటకు ఒకటి కంటే ఎక్కువ ఎదురుమాటలు ఉండవచ్చు. 'ఓల్డ్' వస్తువుకు వాడితే ఎదురు 'న్యూ', ప్రాణికి వాడితే 'యంగ్'. ఇవ్వడానికి ఎదురు పుచ్చుకోవడం కావచ్చు, లాక్కోవడమూ కావచ్చు. సత్యాన్ని సత్యంగా చూస్తే దానికెదురు పొరపాటు, నోటితో చెప్పిన సత్యానికైతే ఎదురు అబద్ధం. ఈ చివరి ఉదాహరణ నాకు చాలా ఇష్టం. పొరపాటుపడినవాడు అబద్ధమాడలేదు. ఈ తేడా తెలియక ఇళ్లలో, కోర్టుల్లో ఎన్ని గొడవలు జరుగుతాయో మీకు తెలుసు.    ఇక వ్యతిరేక పదానికి 'యాంటనిమ్' అన్న పేరు రోజెట్ పుస్తకం వెలువడే నాటికి వాడుకలో లేదు. చార్లెస్ జాన్ స్మిత్ అనే క్రైస్తవ మతాచార్యుడు 1867లో వెలువరించిన పర్యాయపదాల, వ్యతిరేక పదాల సంకలనంతో ఆ పేరు వాడుకలోకి వచ్చింది.

ఇక్కడ ఒక విషయం నిదానంగా ఆలోచించాలి. వ్యతిరేక పదాలంటే ఒకదానికొకటి దూరంగా ఉండే మాటలని మనం అనుకుంటాం. నిజానికి అవి చాలా దగ్గరివి. వేడికి ఎదురు చలువ అంటాం గానీ, బల్ల అనో మంగళవారం అనో అనం. వేడి, చలువ రెండూ ఉష్ణోగ్రత గురించే చెబుతాయి. అన్ని విషయాల్లో కలిసి, ఒక్క విషయంలో మాత్రమే విడిపోతాయి. ఎత్తు, పల్లం రెండూ నేల గురించే. కొనడం, అమ్మడం రెండూ ఒకే బేరం. అందుకే వ్యతిరేక పదం వెతికేవాడు మొదట తేడాను కాదు, ఉమ్మడి నేలను వెతకాలి. ఈ మాట ఈ వాక్యంలో దేన్ని గురించి మాట్లాడుతోంది? బరువా, వెలుతురా, రంగా? 'లైట్' అనే మాట బరువు గురించైతే 'హెవీ', వెలుతురు గురించైతే 'డార్క్'. రంగు గురించి కూడా 'డార్కే'. కంప్యూటర్లకు భాష నేర్పేవాళ్లు కూడా ఈ ఇబ్బంది ఎదుర్కొన్నారు. పక్కపక్కన వచ్చే మాటలను బట్టి అర్థాన్ని లెక్కగట్టే పద్ధతిలో పర్యాయపదమూ వ్యతిరేక పదమూ ఒకేలా కనిపిస్తాయి. వాతావరణం, కాఫీ, స్నానం అన్న మాటల పక్కన 'హాట్' ఎంతగా వస్తుందో 'కోల్డ్' కూడా అంతగా వస్తుంది మరి.

ఎదురుమాటలన్నీ ఒక తీరువి కావు. భాషాశాస్త్రజ్ఞులు వీటిని రకాలుగా విడదీశారు. జాన్ లయన్స్ 1977లో ప్రచురించిన అర్థవిజ్ఞాన గ్రంథంలో ఈ విభజన వివరంగా ఉంది. బతికున్నవాడు, చనిపోయినవాడు అన్న జంటలో మధ్యస్థితి లేదు. ఒకటి కాదంటే రెండోది అయినట్టే. పొడుగు, పొట్టి అలా కాదు. పొడుగు కానివాడు పొట్టివాడు కానక్కరలేదు. ఈ రెండో రకం మాటల్లో ఎప్పుడూ ఒక కనిపించని కొలత దాగి ఉంటుంది. పెద్ద ఎలుక చిన్న ఏనుగు కంటే చిన్నదే కదా. 'పెద్ద' అన్నప్పుడు ఎలుకల్లో పెద్దదని మన మనసు కొలుచుకుంటుంది. భాషాశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ సపీర్ ఈ కొలత గురించి రాసిన వ్యాసం ఆయన మరణానంతరం 1944లో వెలువడింది. ఈ జంటల్లో ఒకటి పెత్తనం కూడా చేస్తుంది. చీలమండ దాటని వాగు ముందు నిలబడి కూడా 'ఎంత లోతుంది?' అనే అడుగుతాం. ఇంగ్లీషువాడు నిన్న పుట్టిన పాపను గురించి కూడా 'హౌ ఓల్డ్' అనే అడుగుతాడు. ఈ విషయంలో తెలుగు, ఇంగ్లీషు ఒకే దారిలో నడుస్తాయి.

మూడో రకం దగ్గరే మన పిల్లలు తడబడతారు. ఒకే సంఘటనను రెండు వైపుల నుంచి చూసే మాటలివి. కొను, అమ్ము. భర్త, భార్య. ముందు, వెనక. 'లెండ్', 'బారో' ఈ జాతివే. మన విద్యార్థి ఈ రెండింటినీ ఎందుకు తారుమారు చేస్తాడో చూడండి. తెలుగులో 'అప్పు' ఒక్కటే మాట, ఇవ్వడం, తీసుకోవడం అన్న క్రియలు దిక్కు చెబుతాయి. ఇంగ్లీషులో దిక్కు క్రియలోనే ఇమిడిపోయింది. పిల్లవాడికి అర్థం తెలుసు, దిక్కు తెలియదు. అదే 'రెంట్' దగ్గరకొస్తే ఇంగ్లీషు కూడా తెలుగు దారికి వస్తుంది. ఇల్లు అద్దెకు ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ ఆ ఒక్క క్రియే సరిపోతుంది. నేర్చుకోవడం, నేర్పడం తెలుగులో ఒకే ధాతువు నుంచి వస్తాయి. ఇంగ్లీషులో 'లెర్న్', 'టీచ్' వేరువేరు మాటలు. ఇలాంటి జంటలను ఒంటరి మాటలుగా వల్లెవేయించడం వృథా. ఇద్దరు పిల్లలను నిలబెట్టి, ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఒక పుస్తకం ఇప్పించి, రెండు వైపుల నుంచీ వాక్యం చెప్పించాలి.

ఇప్పటిదాకా అర్థమే అంతా అన్నట్టు మాట్లాడాను. దానికి ఒక సవరణ ఉంది. అర్థంతో పాటు అలవాటు కూడా లెక్కలోకి వస్తుంది. 'బిగ్', 'లార్జ్' దాదాపు ఒకే అర్థం. కానీ 'బిగ్'కు జత 'లిటిల్', 'లార్జ్'కు జత 'స్మాల్'. జతలు మార్చి చెబితే ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లకు చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ మిల్లర్ బృందం 1985లో కంప్యూటర్ పదకోశంగా మొదలుపెట్టిన 'వర్డ్‌నెట్'లో విశేషణాలను ఈ జతల చుట్టూనే అమర్చారు. 'హెవీ', 'లైట్' సూటి జత. 'పాండరస్' అంటే కూడా బరువైనదే, కానీ దానికి సొంత జత లేదు. 'హెవీ' ఇంటికి వెళ్లి, అక్కడి నుంచి 'లైట్'ను చేరాలి. ఈ అలవాటు ఎక్కడ ఏర్పడుతుంది? 1991లో జస్టెసన్, కాట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషు రచనల భాండాగారాన్ని పరిశీలించి, ఇలాంటి జంటలు యాదృచ్ఛికంగా జరిగేదానికంటే చాలా ఎక్కువసార్లు ఒకే వాక్యంలో కలిసి వస్తాయని చూపించారు. మనకిది కొత్త కాదు. కష్టసుఖాలు, కలిమిలేములు, రాకపోకలు, లాభనష్టాలు అని మనం ద్వంద్వ సమాసాలే కట్టుకున్నాం. జంటలు వాక్యాల్లో పుడతాయి గనుక వాటిని పుస్తకాలు చదివి పట్టుకోవాలి. జాబితా చదివినవాడికి మాటలు వస్తాయి, జతలు రావు.

ఇక ఉపసర్గల సంగతి. 'అన్', 'ఇన్', 'డిస్', 'నాన్' చేరిస్తే వ్యతిరేక పదం తయారవుతుందని తరగతిలో చెబుతారు. చాలాసార్లు అవుతుంది కూడా. కానీ ఈ విషయంలో మన వ్యాకరణం మనకిచ్చిన సంపదను ఇంగ్లీషు తరగతిలోకి తీసుకురాకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. సంస్కృత వైయాకరణులు నిషేధాన్ని చెప్పే 'నఞ్'కు ఆరు అర్థాలు చెప్పారు. దానితో పోలిక, అది లేకపోవడం, దానికంటే వేరైనది కావడం, కొద్దిగా ఉండటం, మంచిది కాకపోవడం, దానికి విరోధం. ఆరింటిలో విరోధం ఒక్కటే మనం వ్యతిరేకార్థం అనుకునేది. అధర్మం అంటే ధర్మానికి విరోధం. అనుదర అంటే కడుపే లేనిదని కాదు, సన్నని నడుము గలదని. అమూల్యం అంటే విలువ లేనిదని తెలుగు పిల్లవాడెవడూ అనుకోడు, వెల కట్టలేనిదని వాడికి తెలుసు. అదే పిల్లవాడు 'ఇన్‌వాల్యుబుల్' చూసి 'వాల్యుబుల్'కు వ్యతిరేకమని రాస్తాడు. అమూల్యం గుర్తుచేస్తే చాలు, ఒక్క క్షణంలో సర్దుకుంటాడు.

ఈ పోలిక కల్పన కాదు. మన అ, అన్; ఇంగ్లీషు 'అన్'; లాటిన్ 'ఇన్'; గ్రీకు 'అ', 'అన్' అన్నీ ఒకే ప్రాచీన మూలం నుంచి వచ్చినవి. అచ్చు ముందు 'అన్', హల్లు ముందు 'అ' అన్న నియమం సంస్కృతంలోనూ గ్రీకులోనూ ఒక్కటే. అనుచితం, అధర్మం మనకు తెలిసినవే కదా, 'అనార్కీ', 'ఏథీస్ట్' వాటి గ్రీకు బంధువులు. నఞర్థాలు ఆరని తెలిసినవాడికి 'ఇన్‌హ్యూమన్' వేరు, 'నాన్‌హ్యూమన్' వేరని విడమరచి చెప్పనక్కరలేదు. మొదటిది క్రూరత్వం, విరోధం. రెండోది మనిషి కాకుండా మరొకటి కావడం, అన్యత్వం. 'ఇమ్మోరల్', 'ఎమోరల్' కూడా అంతే. నీతికి ఎదురు నిలిచేది ఒకటి, నీతితో సంబంధమే లేనిది ఇంకొకటి.

అచ్చుగుద్దినట్టు ఉండి మోసం చేసే ఉపసర్గలు కూడా ఉన్నాయి. 'అవసరం'లో అకారం నిషేధం కాదు. దాన్ని తీసేసి 'వసరం' అనం. 'ఇన్‌ఫ్లేమబుల్'లోని 'ఇన్' కూడా నిషేధం కాదు, లోపలికి అన్న అర్థమున్న మరో లాటిన్ ఉపసర్గ. ఆ మాటకు అర్థం సులభంగా మండేదనే. ట్యాంకర్ల మీద, డబ్బాల మీద రాసినప్పుడు మండనిదని పొరబడితే ప్రాణాలకే ముప్పు. అందుకే ఇప్పుడు హెచ్చరికల్లో 'ఫ్లేమబుల్' అనే రాస్తున్నారు. క్రియల ముందు వచ్చే 'అన్' కూడా వేరే పుట్టుక గలదే. కట్టిన ముడి విప్పడం, వేసిన తాళం తీయడం దాని పని. కాబట్టే 'అన్‌లాకబుల్' అన్న మాటకు తాళం వేయలేనిది, తాళం తీయగలిగినది అని రెండు అర్థాలు.

ఒకే మాట తనకు తానే ఎదురు నిలిచే సందర్భమూ ఉంది. బ్యాంకు లోను 'శాంక్షన్' అయిందని మన ఊళ్లలో అందరూ అంటారు. అక్కడ అది అనుమతి. పత్రికలో ఒక దేశం మీద 'శాంక్షన్స్' విధించారని ఉంటే అవి ఆంక్షలు. ఈ మాటకు వ్యతిరేక పదం రాయమని వాక్యం లేకుండా అడిగితే మీరేం రాస్తారు?

అయినా మన పరీక్షల్లో అలా అడుగుతూనే ఉన్నారు. అమెరికాలో విశ్వవిద్యాలయ ప్రవేశాలకు జరిగే ఎస్‌ఏటీ పరీక్ష 1994లో వ్యతిరేక పదాల ప్రశ్నలను తీసేసింది. జీఆర్‌ఈ అనే పీజీ ప్రవేశ పరీక్ష 2011 ఆగస్టులో వాటిని తీసేసి, వాక్యంలో ఖాళీ నింపే ప్రశ్నలను పెంచింది. అంతకు ముందు హైదరాబాదు కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగిన తెలుగు విద్యార్థులు బ్యారన్స్ పుస్తకంలోని 3,500 మాటల జాబితాను రాత్రింబవళ్లు బట్టీ పట్టారు. వాళ్ల పట్టుదల మీద నాకు గౌరవం ఉంది. ఆ శ్రమలో సగం మంచి గద్యం చదవడానికి వెచ్చించి ఉంటే మాటలూ నిలిచేవి, చదువూ మిగిలేది. మన ఉద్యోగ పోటీ పరీక్షల్లో ఒక మాట, నాలుగు జవాబులు అన్న పద్ధతి ఇంకా పూర్తిగా పోలేదు.

విద్యార్థులకు ఒక మాట. నిఘంటువు తెరిచినప్పుడు మొదటి అర్థం దగ్గర ఆగిపోకండి. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన ఎ.ఎస్. హోర్న్‌బీ నేర్చుకునేవాళ్ల కోసమే తయారుచేసిన నిఘంటువు 1942లో అక్కడే మొదట వెలువడింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దాన్ని ప్రచురించారు. ఈనాటి దాని ప్రతుల్లో ఒక్కో అర్థానికి ఒక అంకె, ఉదాహరణ వాక్యం, చాలాచోట్ల ఆ అర్థం కిందే దానికి ఎదురుమాట ఉంటాయి. 'ఫ్రెష్' తీసి చూడండి. రొట్టె దగ్గర దానికి ఎదురు 'స్టేల్', నీళ్ల దగ్గర 'సాల్ట్'. మన మంచినీళ్లకు ఉప్పునీళ్లు ఎదురైనట్టే. కూరగాయల దగ్గర డబ్బాలో నిల్వచేసినవి, మంచులో గడ్డకట్టించినవి. శంకరనారాయణ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఇంట్లో ఉంటే తెలుగు అర్థం కోసం అదీ చూడండి. తర్వాత మీకు దొరికిన ఎదురుమాటను అదే వాక్యంలో పెట్టి చదవండి. వాక్యం సరిగ్గా తలకిందులైతే మీకు అర్థం తెలిసినట్టే. వాక్యం తలకిందులు కాక మరేదో చెబుతుంటే మళ్లీ నిఘంటువు తెరవండి. ఫోనులో వెతికినా ఇదే పద్ధతి. అక్కడ పది మాటలు ఒక్కసారి కనిపిస్తాయి, వాటిలో మీ వాక్యానికి పనికొచ్చేది ఒకటో రెండో.

ఉపాధ్యాయులకు, ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. వ్యతిరేక పదం అడిగిన ప్రతిసారీ దాని పక్కన ఒక వాక్యం ఇవ్వండి. ఒకే మాటను రెండు వాక్యాల్లో ఇచ్చి రెండు ఎదురుమాటలు అడగండి. పుస్తకంలో ఉన్న జవాబు కాకుండా మరొకటి రాసిన పిల్లవాణ్ణి వెంటనే తప్పుపట్టకుండా, ఏ అర్థంలో రాశావని అడగండి. వాక్యానికి సరిపోతే మార్కు వేయండి. వచ్చే యూనిట్ పరీక్ష నుంచే ఇది మొదలుపెట్టవచ్చు. దీనికి ఏ ఉత్తర్వూ అక్కరలేదు.